టీ బండి దగ్గర కుదిరిన నమ్మకం

తార్నాక నుంచి ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల వైపు వెళ్లే దారిలో ఏదో ఒక టీ బండి దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. నలుగురు విద్యార్థులు టీ తాగుతారు. ఒకరు ఫోను తీసి స్కాన్ చేస్తారు. బండి మీదున్న చిన్న పెట్టె సొమ్ము అందిందని తెలుగులో ప్రకటిస్తుంది. మిగిలిన ముగ్గురూ ఫోన్లు తీసి ఎవరి వాటా వారు అతనికి పంపేస్తారు, లేదంటే రేపటి టీ తమదని ఊరుకుంటారు. ఈ వ్యవహారంలో ఒక్క నాణెం కూడా చేతులు మారదు. ఈ యాప్ ఎందుకు వాడుతున్నారని ఆ నలుగురిలో ఎవరిని అడిగినా ప్రశ్న అర్థం కానట్టు చూస్తారు. మరి ఇంకెలా ఇవ్వాలి అని ఎదురు అడుగుతారు.

పరిశోధన పత్రాలు ఆ ఎదురు ప్రశ్నను పెద్దగా పట్టించుకోవు. విద్యార్థులు ఫిన్‌టెక్, అంటే డబ్బు వ్యవహారాలు నడిపే యాప్‌లు, ఎందుకు వాడుతున్నారన్న దాని మీద దేశదేశాల్లో లెక్కలేనన్ని సర్వేలు జరిగాయి. వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే. 1989లో అమెరికన్ పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఒక పరికరం తన పనికి ఉపయోగపడుతుందని, వాడటం కష్టం కాదని నమ్మిన మనిషి దాన్ని వాడతాడు. ఆయన దీన్ని పరీక్షించింది ఐబీఎం కెనడా ఉద్యోగుల మీద, బోస్టన్ విశ్వవిద్యాలయ ఎంబీఏ విద్యార్థుల మీద. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్ బృందం దీనికి తోటివారి ప్రభావాన్ని, అనుకూల పరిస్థితులను జోడించింది. 2012లో సరదా, ఖర్చుకు తగిన ఫలం, అలవాటు కూడా వచ్చి చేరాయి. మన ఎంబీఏ చివరి ఏడాది ప్రాజెక్టులు నేటికీ ఈ చట్రంలోనే తయారవుతున్నాయి. హాస్టల్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం పెడతారు. ‘ఈ యాప్ నాకు ఉపయోగకరం’ అన్న వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు. రోజుకు పదిసార్లు స్కాన్ చేసేవాడు ఐదు కాక ఎంత వేస్తాడు?

చట్రం తప్పని కాదు. మనిషి ముందు రెండు దారులుంటాయని, ఆలోచించి ఒకటి ఎంచుకుంటాడని అది అనుకుంటుంది. హైదరాబాద్ విద్యార్థికి చెల్లింపుల విషయంలో ఆ ఎంపిక ఎప్పుడో ముగిసింది. అసలైన ఎంపిక అప్పు దగ్గర, పెట్టుబడి దగ్గర మొదలవుతుంది. విచిత్రంగా అక్కడ ఆలోచన చాలా తక్కువ కనిపిస్తుంది.

చెల్లింపుల్లో ఎంపిక లేకపోవడం ఎక్కడ మొదలవుతుందో చూడటానికి ఇంటర్ పూర్తయిన వేసవిలోకి వెళ్లాలి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. నమోదుకు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు కావాలి, రుసుము ఆన్‌లైన్‌లోనే కట్టాలి. ఇంజినీరింగ్ కౌన్సెలింగూ అంతే. తర్వాత ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైటులో ఉపకార వేతనం దరఖాస్తు ఉంటుంది, దానికి ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా తప్పనిసరి. మహబూబ్‌నగర్ నుంచో ఖమ్మం నుంచో బ్యాగు సర్దుకుని నగరానికి వచ్చే పద్దెనిమిదేళ్ల విద్యార్థి చేతిలో అప్పటికే ఖాతా, ఏటీఎం కార్డు, ఓటీపీ వచ్చే ఫోను ఉంటాయి. ఆ మూడూ ఉన్నవాడికి యూపీఐ పిన్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని. ప్రభుత్వ కార్యాలయం సగం దారి తీసుకొచ్చి వదిలిన మనిషి మిగతా సగం తనంతట తానే నడుస్తాడు. పరిశోధకుల భాషలో ఇవి ‘అనుకూల పరిస్థితులు’. నిర్బంధానికి అది కాస్త మెత్తని పేరు.

వయసు లెక్క కూడా వేసుకోవాలి. 2016 ఏప్రిల్‌లో యూపీఐ ప్రారంభమైంది. ఆగస్టులో బ్యాంకుల యాప్‌లు వచ్చాయి, సెప్టెంబరులో జియో వచ్చింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవారిలో ఎక్కువమంది అప్పటికి ప్రాథమిక పాఠశాలలో ఉన్నారు. నోట్ల రద్దు అంటే వారికి నాన్న నిలబడిన వరస. నగదు నుంచి ఫోనుకు మారింది ఆ నాన్న తరం. ఈ తరం దేని నుంచీ మారలేదు. కరోనా కాలంలో ఆన్‌లైన్ తరగతుల కోసం ఇంట్లో అప్పు చేసి మరీ కొనిచ్చిన ఫోన్లు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. పద్దెనిమిది నిండేనాటికి ఫోను పాతబడింది, ఖాతా కొత్తగా వచ్చింది, రెండూ కలిశాయి. కొత్త సాధనాన్ని వాడటం మొదలుపెట్టడాన్ని పరిశోధకులు ‘స్వీకరణ’ అంటారు. ఆ మాట వారి విషయంలో అంతగా అతకదు.

ధర గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి వసూలు చేసే రుసుమును ప్రభుత్వం సున్నా చేసింది. అందుకే జిరాక్స్ కేంద్రంవాడు మూడు రూపాయలకు కూడా స్కాన్ చేయమంటాడు. కార్డు గీకే యంత్రం ఉండే రోజుల్లో ఇదే మనిషి వంద రూపాయల లోపు కుదరదని బోర్డు పెట్టేవాడు. తొలినాళ్లలో క్యాష్‌బ్యాక్ ఆశ చూపి అలవాటు చేశారు. ఇప్పుడు యాప్ ఇచ్చే స్క్రాచ్ కార్డులో ఎవరికీ అక్కర్లేని డిస్కౌంటు కూపన్లు వస్తున్నా ఎవరూ యాప్ తీసేయడం లేదు. చిల్లర బాధ తీరడమే పెద్ద క్యాష్‌బ్యాక్. ఇందులో ఒక చిన్న తేడా ఉంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక అమ్మాయిలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సున్నా టికెట్ వస్తోంది. అబ్బాయిల్లో చాలామంది దగ్గర విద్యార్థి పాసు ఉంటుంది. కండక్టరుతో చిల్లర గొడవ విద్యార్థి జీవితంలోంచి చాలావరకు వెళ్లిపోయింది. ఇప్పుడు చిల్లర అవసరం పడేది బస్సు దిగాక షేర్ ఆటోలోనే. అక్కడా వెనక సీటుకు ఎదురుగా క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది.

సర్వేలు అన్నిటికన్నా పైపైన తడిమి వదిలేసేది తోటివారి ప్రభావాన్ని. ‘నా మిత్రులు ఈ యాప్ వాడమని ప్రోత్సహిస్తారు’ అన్న వాక్యానికి మార్కులు వేయమంటారు. అసలు ఏ మిత్రుడూ అలా ప్రోత్సహించడు. అతను బిరియానీ బిల్లు మొత్తం తానే కట్టి, తలకు నూట ఎనభై అని గ్రూపులో ఒక మాట పడేస్తాడు. ఆ నూట ఎనభై నగదుగా ఇస్తానంటే తీసుకునేవాడికి అది ఇబ్బంది. జేబులో పెట్టుకోవాలి, ఇరవై తిరిగి ఇవ్వాలి. యాప్ లేనివాడు నలుగురికీ అదనపు పని కల్పిస్తాడు. ఆ ఇబ్బంది చూపు రెండుసార్లు ఎదురైతే మూడోసారికి యాప్ వచ్చేస్తుంది. పాత హాస్టళ్లలో చేబదులు అనే మంచి అలవాటు ఉండేది. ఇచ్చినవాడు అడగలేకపోయేవాడు, తీసుకున్నవాడు మరచిపోయినట్టు నటించేవాడు, ఏడాది చివర ఇద్దరూ నవ్వుకునేవారు. ఇప్పుడు చేబదులుకు తేదీ, గంట, నిమిషంతో సహా ఆధారం ఉంటోంది. స్నేహంలో లెక్క పక్కాగా ఉండటం మంచిదేనని కొందరంటారు. కావచ్చు. కానీ యాభై రూపాయల బాకీ చాట్‌లో మాటల పక్కనే రోజూ కనబడుతుంటే మనసులో కలిగే చిన్న గుచ్చుకోలును ఏ కొలబద్దా కొలవడం లేదు.

ఇంటి నుంచి డబ్బు వచ్చే తీరు కూడా మారింది. ఒకప్పుడు నెలకు ఒకసారి మనియార్డరు వచ్చేది. తర్వాత ఊళ్లో బ్యాంకు ముందు వరసలో నిలబడి నాన్న ఖాతాలో వేసేవాడు. అందుకే మొత్తం ఒకేసారి వచ్చేది, విద్యార్థి దాన్ని నెలంతా లాగవలసి వచ్చేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి ఫోను చేసి రెండు వందలు కావాలంటే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. నాన్నకు యాప్ రాకపోతే పక్కింటి కిరాణా దుకాణం అతను నగదు తీసుకుని పంపుతాడు. కష్టకాలంలో ఇది పెద్ద ఆసరా. కానీ నెల ఖర్చును ముందుగా లెక్క వేసుకునే అవసరం దీనితోనే తగ్గిపోయింది. చేతిలో ఎంత ఉందన్న ప్రశ్నకు జవాబు ఖాతాలో కాక నాన్న ఫోనులో ఉంటుంది.

ఆ ఫోనులో ఇంకొకటి కూడా ఉంటుంది. చాలామంది విద్యార్థుల ఖాతాకు, ముఖ్యంగా అమ్మాయిల ఖాతాకు, మొదట నమోదైంది తండ్రి నంబరో అన్న నంబరో. ప్రతి ఖర్చుకూ బ్యాంకు సందేశం అక్కడికే పోతుంది. కోఠిలో కొన్న కుర్తా, సినిమా టికెట్టు, మిత్రుల పుట్టినరోజు కేకు అన్నీ ఊళ్లో తెలిసిపోతాయి. ఇలాంటి చోట నగదు వాడటాన్ని సాంకేతికతకు దూరంగా ఉండటంగా లెక్కగట్టడం పొరపాటు. ఆ విద్యార్థినికి యాప్ వాడటం బాగా వచ్చు. కాస్త ఏకాంతం కోసం నోటు ఎంచుకుంటోంది. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో ఖాతాదారు తన ఖాతా నుంచి ఇంకొకరు పరిమితి లోపల ఖర్చు చేసే వీలు కల్పించవచ్చు. నెలకు 15,000 రూపాయల దాకా ముందుగానే అనుమతి ఇవ్వవచ్చు, లేదా ప్రతి చెల్లింపునూ తానే ఆమోదించేలా పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులకు ఇది వరంలా కనిపిస్తుంది. రెండో పద్ధతిలో టీ తాగాలన్నా ఇంటి అనుమతి కావాలి. ఇంకో సంకోచమూ ఉంది. చాలా యూపీఐ ఐడీల్లో మొబైల్ నంబరే ఉంటుంది. రాత్రిపూట ఆటో దిగి డ్రైవరు సొంత కోడ్‌కు డబ్బు పంపితే తన పేరు, ఒక్కోసారి నంబరు కూడా అవతలివారికి తెలుస్తాయేమో అన్న జంకు అమ్మాయిల్లో ఉంది. నంబరు కనబడని ఐడీ పెట్టుకోవచ్చని తెలిసినవారు పెట్టుకుంటున్నారు. తెలియనివారు ఆటో కోసం విడిగా నోట్లు దాచుకుంటున్నారు.

భయం గురించి సిద్ధాంతం చెప్పేదానికీ ఇక్కడ జరిగేదానికీ పొంతన కుదరదు. ప్రమాదం ఉందనుకుంటే వాడకం తగ్గాలి. సైబర్ మోసాల వార్త లేని రోజు లేదు, వాటిపై ఫిర్యాదు చేసే 1930 నంబరు గోడల మీద కూడా కనిపిస్తోంది. అయినా దేశంలో నెలవారీ యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో వెయ్యి కోట్లు దాటాయి, సరిగ్గా రెండేళ్లకు 2025 ఆగస్టులో రెండు వేల కోట్లు దాటాయి. విద్యార్థి భయపడేది ఫోను చేసే అపరిచితుడికి. యాప్‌ను ఆ భయం అంటదు. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ గంటల తరబడి మొరాయించినప్పుడు కూడా ఎవరూ దాన్ని వదిలేయలేదు. జాగ్రత్త కోసం ఇంకో యాప్ పెట్టుకున్నారు. రెండు యాప్‌లూ నడిచేది ఒకే పట్టాల మీద కాబట్టి పట్టా చెడిన రోజున రెండోదీ కదలదు. ఫోను కవరు వెనక ఐదు వందల నోటు దాచుకున్నవాడే తెలివైనవాడు. మాటల్లో మాట, ఈ పట్టాలకు ముందుతరం ఒకటి తయారైంది హైదరాబాద్‌లోనే. దేశంలోని ఏటీఎంలను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ నడిపించింది. 2009లో దాన్ని, ఇప్పుడు యూపీఐని నడుపుతున్న ఎన్‌పీసీఐకి అప్పగించారు. ఆ దారిలో రోజూ బస్సులో వెళ్లే విద్యార్థుల్లో ఎంతమందికి ఆ భవనం సంగతి తెలుసో!

ఇక నమ్మకం ఎక్కడికి పోతోందన్నది చూడాలి. టీ బండి దగ్గర రోజుకు పదిసార్లు, ఏడాదిలో వేలసార్లు, డబ్బు సరిగ్గా చేరింది. అలా ఒక గుర్తు మీద, ఒక రంగు మీద విశ్వాసం కుదిరింది. ఇప్పుడు అదే యాప్ తెరిస్తే స్కాన్ గుర్తు పక్కన తక్షణ రుణం, బంగారం, బీమా, మ్యూచువల్ ఫండ్లు, అప్పులు తీర్చే తీరుకు మార్కులు వేసే సిబిల్ స్కోరు ఉచితంగా కనిపిస్తాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు, లెక్క ఉంది. చెల్లింపు మీద వ్యాపారి నుంచి రుసుము రాదు. కోట్ల లావాదేవీలు మోయడానికి ఖర్చు మాత్రం అవుతుంది. కంపెనీ బతకాలంటే ఇంకేదైనా అమ్మాలి, ఆ అమ్మకాల్లో లాభసాటిది అప్పు. అంటే మూడు రూపాయల జిరాక్స్ ఉచితంగా కట్టగలగడానికీ, ఇరవై వేల అప్పు మీటగా కళ్లెదుట కూర్చోవడానికీ కారణం ఒక్కటే. వాడేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే తెర, అదే రంగు, అదే పిన్. చెల్లింపులో పొరపాటు జరిగితే పోయేది ఒక టీ ధర. అప్పులో పోయేది వేరు. ఆ తేడా తెర మీద కనబడదు.

ఈ నగరం ఆ తేడాను ఒకసారి చాలా దగ్గర నుంచి చూసింది. 2020 డిసెంబరులో తక్షణ రుణ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు వెలుగులోకి వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి నగరంలోనే నడుస్తున్న కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పు తీసుకున్నవాడి ఫోనులోని పేర్ల జాబితా మొత్తం లాగేసి, బంధువులకూ మిత్రులకూ ఫోన్లు చేసి పరువు తీయడం వారి వసూలు పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాలకు నియమాలు పెట్టింది. అప్పు నేరుగా బ్యాంకు ఖాతాలోకే రావాలి, వార్షిక వడ్డీతో సహా వివరాల పత్రం ముందే ఇవ్వాలి, ఫోనులోని పేర్లూ ఫొటోలూ తాకకూడదు. అంతకు మూడు నెలల ముందు, జూన్‌లో, అప్పు సొమ్మును ప్రీపెయిడ్ కార్డుల్లోకి నింపడాన్ని ఆపేయడంతో విద్యార్థుల్లో ఊపందుకున్న ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ కార్డుల జోరు తగ్గింది. చట్టబద్ధ సంస్థలు ఇప్పుడు ఆదాయం అడుగుతున్నాయి. ఆదాయం లేని విద్యార్థి పక్కదారి యాప్ వెతుక్కుంటాడు. నియమం మంచిదే, కానీ అత్యంత అవసరంలో ఉన్నవాడిని అది గేటు బయట నిలబెడుతుంది. అక్కడ కాపలా ఉండదు.

ఆ అవసరం ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా విద్యార్థులది విలాసమని తీర్మానించేవారు చాలామంది ఉన్నారు. ఖరీదైన ఫోను వాయిదాల మీద కొనేవారూ లేకపోలేదు. కానీ తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కథ ఏళ్లుగా నడుస్తోంది. 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ కూడా పాటించాయి. ప్రభుత్వ సొమ్ము రాకపోతే కళాశాల విద్యార్థిని కట్టమంటుంది, లేకుంటే ధ్రువపత్రాలు ఇవ్వదు. ఉద్యోగంలో చేరే గడువు వచ్చే సోమవారం. పరీక్ష ఫీజుకు రేపు ఆఖరు తేదీ. ఆ రాత్రి రుణ యాప్ తెరిచే విద్యార్థిని ప్రభావితం చేసిన అంశమేమిటని అడిగితే, ఉపయోగం, సౌలభ్యం, తోటివారు అన్న గడులలో ఆ జవాబు పట్టదు.

పెట్టుబడి వైపు ప్రభావాలు ఇంకో రకం. ఆధార్, పాన్ ఉంటే షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా హాస్టల్ మంచం మీద నుంచే తెరవవచ్చు. వందల రూపాయలతో సిప్, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం, మొదలుపెట్టే విద్యార్థులు ఉన్నారు, అది నేర్చుకోదగ్గ అలవాటే. చిక్కంతా పక్కనున్న ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీటతో, అంటే షేర్ల ధర రేపు ఎటు పోతుందన్న పందెంలాంటి వ్యాపారంతో. షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం సుమారు రెండు లక్షలు. ఈ వ్యాపారుల్లో ముప్పై ఏళ్లలోపువారి వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి పెరిగింది. ఇక్కడ విద్యార్థిని లాగేది మిత్రుడు పంపిన ఒక స్క్రీన్‌షాట్, అందులో పచ్చరంగులో లాభం. ఎర్రరంగు వచ్చిన రోజున ఎవరూ స్క్రీన్‌షాట్ పంపరు. తెలుగులో పాఠాలు చెప్పే వీడియోలు మంచివీ ఉన్నాయి, కోర్సులు అమ్ముకునేవీ ఉన్నాయి. రెండిటికీ వీడియో ముఖచిత్రం మీద అదే ఖరీదైన కారు బొమ్మ.

తోటివారి ప్రభావానికి అన్నిటికన్నా వికృత రూపం ఖాతాను అద్దెకివ్వడం. కొన్నాళ్లు నీ ఖాతా, సిమ్ ఇవ్వు, కొన్ని వేలు ఇస్తామని పరిచయస్తుడే అడుగుతాడు. సైబర్ నేరగాళ్లు దోచిన సొమ్ము ఆ ఖాతాల గుండా పారుతుంది. పోలీసులు ముందుగా చేరేది ఖాతాదారు దగ్గరికే. నిర్బంధంగా, ఒక ఫారంలో వరసగా నింపిన గడిలా వచ్చిన ఖాతాను ఇంటి తాళంచెవిలా కాపాడుకోవాలని ఎవరూ విద్యార్థికి చెప్పలేదు. ఉపకార వేతనం కోసం తెరిచిన ఖాతా, వేతనం రాక ఖాళీగా పడి ఉంటే, అద్దె మాట వినసొంపుగానే ఉంటుంది.

గచ్చిబౌలిలో సాంకేతిక విద్య చదివే విద్యార్థికీ, దిల్‌సుఖ్‌నగర్ గదిలో నలుగురితో ఉంటూ డిగ్రీ చదివే విద్యార్థికీ టీ బండి దగ్గర ఏ తేడా లేదు. ఇద్దరూ ఒకేలా స్కాన్ చేస్తారు. యాప్‌లో రెండో తెర దగ్గర విడిపోతారు. ఇంటర్న్‌షిప్ భృతి వచ్చేవాడు షేర్ల మీట నొక్కుతాడు. ఫీజు గడువు ముంచుకొచ్చినవాడి ముందు ముగ్గురు ఉంటారు. నాన్నను అడిగితే ఎందుకంటాడు, ఆయన దగ్గరా లేదని ఇద్దరికీ తెలుసు. గది మిత్రుడు ఎప్పుడిస్తావంటాడు, పాత బాకీ ఇంకా ఇద్దరి ఫోన్లలోనూ కనబడుతూనే ఉంది. యాప్ ఆధార్ నంబరూ, ఒక సెల్ఫీ మాత్రమే అడుగుతుంది.